మూడో లైను పని ఎక్కడ ఆగుతుంది? వంతెనల దగ్గర, యార్డుల దగ్గర

కాజీపేట–విజయవాడ మూడో లైను గురించి మీరు మూడు ప్రశ్నలు అడిగారు. పాత వంతెన గట్టిగానే కనిపిస్తుంటే దాన్నే వెడల్పు చేయకుండా పక్కన ఇంకొకటి ఎందుకు కడుతున్నారు? పట్టాలు పరిచి నెలలు గడిచినా వాటి మీద రైలు నడపకుండా, నడుస్తున్న రైళ్లనే రోజుల తరబడి ఎందుకు రద్దు చేస్తున్నారు? ఇదంతా పూర్తయ్యాక ఖమ్మం నుంచి సికింద్రాబాద్ వెళ్లే మీలాంటి వాళ్లకు రైలు వేళకు వస్తుందా? నేను రైల్వే నిర్మాణ విభాగంలో ఎక్కువ కాలం వంతెనల పనుల మీదే ఉండి రిటైరయ్యాను. ఒక్కోదానికీ కొంచెం వివరంగానే చెబుతాను.

ముందు అసలు మాట. కాలువను ఎంత వెడల్పు తవ్వినా తూము ఎంత ఉంటే పొలానికి అంతే నీరు పారుతుంది. రైలు మార్గమూ అంతే. మైదానంలో పట్టాలు పరచడం ఈ పనిలో తేలికైన భాగం. వంతెనలూ, స్టేషన్ యార్డులూ (స్టేషన్లో లైన్లు విడిపోయి కలిసే చోట్లు) ఎంతమేరకు తయారయ్యాయో అంతమేరకే మూడో లైను ఉపయోగపడుతుంది. ఆలస్యమూ అక్కడే, మీరు చూస్తున్న రద్దులూ అక్కడివే.

ఈ మార్గం పాతది. నిజాం కాలంలో 1874లో కర్ణాటకలోని వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్‌కు వచ్చిన రైలు, వరంగల్, డోర్నకల్ మీదుగా 1889లో బెజవాడ చేరింది. కాజీపేట–బల్లార్ష లైను 1920ల చివర పూర్తవడంతో ఢిల్లీ–మద్రాసు దారి నేరుగా కలిసింది. 1929లో గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్ మొదలైంది. అప్పుడు గీసిన దారి మీదే ఇప్పుడు సింగరేణి బొగ్గు, సిమెంటు, ధాన్యం, ఓడరేవుల సరుకు పోతున్నాయి. ఢిల్లీ–చెన్నై రైళ్లు, హైదరాబాద్ నుంచి కోస్తాకు వెళ్లే రైళ్లు, వందే భారత్ కూడా పాత రెండు లైన్ల మీదే పోవాలి. అందుకే 2012–13లో కాజీపేట–విజయవాడ మధ్య దాదాపు 219 కిలోమీటర్లకు, 2015–16లో కాజీపేట–బల్లార్ష మధ్య 202 కిలోమీటర్లకు, విజయవాడ–గూడూరు మధ్య 288 కిలోమీటర్లకు మూడో లైను మంజూరైంది. మొత్తం ఏడు వందల కిలోమీటర్ల పైమాటే.

లైను మీద రోజుకు ఎన్ని రైళ్లు నడపొచ్చో లెక్కగట్టడానికి మన రైల్వేల్లో స్కాట్ సూత్రం అని ఒకటుంది. రోజుకు 1440 నిమిషాలు. రెండు స్టేషన్ల మధ్య నెమ్మదైన రైలుకు పట్టే సమయానికి లైన్ క్లియర్ (తర్వాతి స్టేషన్ ఇచ్చే అనుమతి) ఇచ్చిపుచ్చుకునే సమయం కలిపి, దాంతో 1440ని భాగించాలి. వచ్చిన దాంట్లో 70 శాతమే ఆచరణలో దొరుకుతుంది. ఒక ఉదాహరణ వేసుకుందాం. గూడ్సు రైలుకు 15 నిమిషాలు, లైన్ క్లియర్‌కు 5 నిమిషాలు అనుకోండి. 1440ని 20తో భాగిస్తే 72, అందులో 70 శాతం అంటే 50 రైళ్లు. ఇప్పుడు ఆ సెక్షన్లో, అంటే ఆ రెండు స్టేషన్ల మధ్య, ఒక పాత వంతెన మీద వేగం తగ్గించమని కాషన్ ఆర్డరు ఉంది. నిండుగా ఉన్న గూడ్సు బండి వేగం తగ్గించి, ఆఖరి వ్యాగన్ వంతెన దాటేదాకా అలాగే పోయి, మళ్లీ వేగం అందుకోవడానికి 4 నిమిషాలు అదనంగా తీసుకుంటుందనుకోండి. 20 కాస్తా 24 అయింది. 72 కాస్తా 60కి, 50 కాస్తా 42కు పడిపోయాయి. ఒక్క వంతెన ఎనిమిది రైళ్లను తినేసింది. అది ఆ సెక్షన్‌తో ఆగదు. మిగతా సెక్షన్లలో యాభైకి చోటున్నా అటు నుంచి వచ్చేవి ఆ నలభై రెండే.

ఇప్పుడు వంతెనను వెడల్పు చేయడం గురించి. రోడ్డు వంతెనకైతే పక్కన రెండు దూలాలు చేర్చి వెడల్పు చేయడం కొన్నిచోట్ల కుదురుతుంది. రైలు వంతెనకు ఆ ఆశ పెట్టుకోకూడదు. పాత పియర్ల (వంతెనను మోసే స్తంభాల) కింద ఉన్న పునాది ఆనాటి ఇంజన్ల బరువుకు లెక్కగట్టినది. మన బ్రాడ్‌గేజి వంతెనల భార ప్రమాణాలు 1926లో ఒకటి, 1987లో ఒకటి, 2008లో ఇరుసుకు 25 టన్నుల లెక్కన ఇంకొకటి వచ్చాయి. 1880లలో కట్టిన రాతి పియరు మొదటిదానికంటే కూడా పాతది. అది ఇంకా నిలబడి ఉందంటే కట్టినవాళ్ల పనితనానికి దండం పెట్టాలి. అంతమాత్రాన దాని మీద ఇంకో లైను బరువు మోపలేం. ఇరుసు బరువు ఒక్కటే కాదు. రైలు బ్రేకు వేసినప్పుడు వంతెన పొడవునా పడే లాగుడు కూడా పియరే తట్టుకోవాలి. పాత లెక్కల్లో దానికి ఇచ్చిన చోటు చాలా తక్కువ.

మరీ ఆనించి కట్టడమూ కుదరదు. కొత్త పనుల్లో లైనుకూ లైనుకూ మధ్య కనీసం 5.3 మీటర్లు ఉండాలన్నది నిబంధన. పెద్ద నదుల దగ్గర ఇంకా దూరం జరుగుతాం. కారణం పునాది. నదిలో వంతెనకు కాంక్రీటు బావిని పైన పోసుకుంటూ, లోపలి ఇసుక తోడుకుంటూ, అడుగుకు అడుగు కిందికి దించుతారు. మేం వెల్ సింకింగ్ అంటాం. బావి లోపలికి చుట్టుపక్కల ఇసుక ఒక్కసారిగా ఎగదన్నుకు రావచ్చు. ఆ పక్కనే నూట ముప్పై ఏళ్ల పాత బావి ఉండి, దాని మీద గంటకు నాలుగైదు రైళ్లు పోతుంటే ఏం జరగొచ్చో ఊహించండి. అందుకే దూరం జరగాలి. దూరం జరిగితే వంతెనకు రెండు వైపులా లైను వంపు తిరగాలి. వంపు తిప్పడానికి కట్ట వేయాలి, కట్టకు భూమి కావాలి, భూమి సేకరించాలి. ఒక వంతెన కోసం అటూ ఇటూ కిలోమీటర్ల మేర పని పెరిగేది ఇలాగే.

దీనికి రాజమండ్రి దగ్గరి గోదావరిని మించిన ఉదాహరణ నాకు తెలియదు. హేవ్‌లాక్ వంతెన పని 1897లో మొదలై 1900 ఆగస్టులో రైళ్లు నడిచాయి. 150 అడుగుల ఖానాలు (రెండు పియర్ల మధ్య భాగాలు) 56. కానీ లైను ఒక్కటే. అటు విశాఖ వైపు, ఇటు విజయవాడ వైపు లైన్లు జంటగా మారుతున్నా గోదావరి దగ్గరికి వచ్చేసరికి రైళ్లన్నీ ఆ ఒక్క లైను కోసం ఆగాల్సిందే. 1974లో పైన రోడ్డు, కింద రైలుతో రెండో వంతెన వచ్చాక గానీ నది మీద రెండు లైన్లు కాలేదు. ఆ తర్వాత హేవ్‌లాక్ వంతెన వయసు మీద పడింది. దాని బదులు కాంక్రీటు కమానుల వంతెన కట్టి 1997లో పాతదాన్ని విశ్రాంతికి పంపారు. లెక్కపెట్టి చూడండి. నూరేళ్లలో మూడు వంతెనలు కట్టాం, నది మీద నడిచే లైన్లు మాత్రం రెండే. ఒక వంతెన లైనును పెంచడానికి, ఇంకొకటి పాతదాని బదులుగా కట్టాం. మూడో లైను అనే మాట కాగితం మీద ఎంత తేలికగా రాసినా అక్కడ ఇంకొక గోదావరి వంతెన కట్టక తప్పదు.

పెద్ద వంతెనలు అందరి కంటా పడతాయి. వాటికి మంచి ఇంజనీర్లు, పెద్ద కాంట్రాక్టర్లు, పై అధికారుల పర్యవేక్షణ అన్నీ ఉంటాయి. నన్ను ఎక్కువ కలవరపెట్టేవి చిన్న వంతెనలు. మీ లైను పొడవునా కట్ట కింద అడుగడుక్కీ ఉండే తూములు, ఒకటి రెండు ఖానాల కల్వర్టులు. తెలంగాణలో లైనుకు ఎగువన గొలుసుకట్టు చెరువులున్నాయి. పై చెరువు తెగితే కింది చెరువు, అది తెగితే ఇంకో చెరువు. ఆ నీరంతా కలిసి ఒక్కసారిగా కట్ట మీదికి వస్తుంది. వాన లెక్కగట్టి కట్టిన తూము ఆ నీటిని మింగలేదు. 2005 అక్టోబరు 29న వలిగొండ దగ్గర జరిగింది అదే. ఎగువ చెరువు తెగి వచ్చిన వరద చిన్న వంతెనను కొట్టుకుపోయింది. చీకట్లో డెల్టా ప్యాసింజర్ అందులో పడి వంద మందికి పైగా చనిపోయారు. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు నెల్లూరు దగ్గర పడుగుపాడు వద్ద వరద లైను మీదికి వచ్చి చెన్నై–విజయవాడ రైళ్లు నిలిచిపోయాయి. మీ లైనులోనే 2024 సెప్టెంబరు 1న ఇంటికన్నె–కేసముద్రం మధ్య కట్ట కొట్టుకుపోయి పట్టాలు గాల్లో వేలాడాయి. వందలమంది రాత్రింబవళ్లు పనిచేసి కొద్ది రోజుల్లోనే మళ్లీ రైళ్లు నడిపారు. వాళ్ల కష్టాన్ని నేను తక్కువ చేయను. కానీ కట్ట ఎందుకు తెగిందన్న ప్రశ్న రైలు నడవగానే పక్కకు పోకూడదు.

మూడో లైను వేసేటప్పుడు ఆ తూముల్ని కొత్త కట్ట కింద కూడా పొడిగించాలి. ఇక్కడ నాకు గట్టి అభిప్రాయమే ఉంది. పాతది ఎంత వెడల్పు ఉంటే కొత్తదీ అంతే కట్టి పొడిగించడం మామూలుగా జరిగే పని. దానికి అంచనా త్వరగా అవుతుంది, డ్రాయింగు త్వరగా ఆమోదం పొందుతుంది. కానీ పాత తూము ఇరుకని తెలిసినచోట కొత్త భాగాన్ని పెద్దది కట్టినా లాభం లేదు, నీరు పాతదాని గుండానే రావాలి కదా. రెండింటినీ కలిపి పెద్దది చేయాలి. కట్ట తవ్వకానికి యంత్రాలు ఎలాగూ అక్కడే ఉన్నాయి, బ్లాకులు, అంటే పని కోసం రైళ్లు ఆపే గంటలు, ఎలాగూ తీసుకుంటున్నారు. ఈ అవకాశం పోతే ఇంకో ముప్పై ఏళ్లకు గానీ రాదు.

పాత వంతెనల మార్పిడికి కూడా మూడో లైనే అదను. రెండు లైన్లే ఉన్నప్పుడు పాత గర్డరు (పట్టాలను మోసే దూలం) మార్చాలంటే కొన్ని గంటల బ్లాకు తీసుకుని, కొత్త గర్డరును పక్కన సిద్ధంగా పెట్టుకుని, పాతదాన్ని ఒక పక్కకు జరిపి కొత్తదాన్ని ఇంకో పక్క నుంచి చోటులోకి నెట్టాలి. అంతకుముందు కొన్ని వారాలు స్లీపర్ల దొంతరల మీద తాత్కాలిక గర్డరు ఆనించి రైళ్లను నడక వేగంతో పంపాలి. గడియారం చూసుకుంటూ చేసే పని అది. బ్లాకు ముగిసే వేళకు లైను ఇవ్వలేకపోతే వెనక స్టేషన్లన్నీ నిండిపోతాయి. మూడో లైను, దాని మీద కొత్త వంతెన తయారై ఉంటే రైళ్లను అటు మళ్లించి పాత వంతెనను తీరుబడిగా విప్పి కట్టొచ్చు. అందుకే కొత్త వంతెన పూర్తయినా అక్కడ పని ఆగినట్టు కనబడదు. పాతదాని వంతు వచ్చిందన్నమాట.

పరిచిన పట్టాల మీద రైలు ఎందుకు నడపరన్నది మీ రెండో ప్రశ్న. కంటికి పట్టాలు కనిపించగానే లైను తయారైందనుకుంటాం. కట్ట మట్టిని పొరలు పొరలుగా దిమ్మిస చేయాలి. మీ దగ్గర నల్లరేగడి, ఒంగోలు, నెల్లూరు వైపు మెత్తటి తీరప్రాంతపు నేల. రెండూ నీటికి కదిలేవే. పైన గట్టి మట్టి పొర, దాని మీద కంకర, కిలోమీటరుకు 1660 కాంక్రీటు స్లీపర్లు, మీటరుకు 60 కిలోల బరువుండే పట్టాలు. 260 మీటర్ల పట్టాలు తెచ్చి అక్కడే వెల్డు చేసి ఒకే పొడవు చేస్తారు. తర్వాత మన ఎండకు పట్టా వంకర పోకుండా తగిన ఉష్ణోగ్రత దగ్గర బిగింపులు వదిలి మళ్లీ బిగించాలి. ట్యాంపింగ్ యంత్రం పలుమార్లు తిరిగి కంకరను కుదించాలి. తర్వాత కరెంటు తీగలు, సిగ్నళ్లు. అన్నీ అయ్యాక రైల్వే భద్రతా కమిషనర్ వచ్చి చూడాలి. ఆయన రైల్వే మంత్రిత్వ శాఖ కింద కాదు, పౌర విమానయాన శాఖ కింద పనిచేస్తారు. మోటారు ట్రాలీ మీద లైనంతా తిరిగి, ఒక్కో వంతెన దగ్గరా దిగి చూసి, వేగ పరీక్ష చేశాక అనుమతిస్తేనే ప్రయాణికుల రైలు నడిచేది. ఆ తనిఖీని తొందరపెట్టమని అడిగేవాళ్లను చూశాను. అలా ఎవరూ అడగకూడదు.

ఇక రద్దులు. కొత్త లైనును స్టేషన్లోకి కలిపే రోజులవి. స్టేషన్లో పాయింటు (రైలును ఒక లైను నుంచి ఇంకో లైనుకు మళ్లించే పట్టాలు) ఎటు తిరిగి ఉంటే సిగ్నలు దానికి తగ్గట్టే పడేలా కట్టిపడేసే ఏర్పాటును ఇంటర్‌లాకింగ్ అంటారు. రెండు రైళ్లు ఒకే దారిలోకి రాకుండా కాపాడేది అదే. కొత్త పాయింట్లు చేర్చాలంటే పాత ఏర్పాటును ఆపి, కొత్తది అమర్చి, ప్రతి దారినీ ఒక్కొక్కటిగా పరీక్షించాలి. ఆ రోజుల్లో పాయింట్లను మనుషులే తిప్పి, క్లాంపు బిగించి తాళం వేసి, జెండా చూపి ఒక్కో రైలునూ నెమ్మదిగా పంపాలి. మామూలు రోజున నడిచే రైళ్లలో సగం కూడా అలా పంపలేం. దూరప్రాంతపు రైళ్లను వేరే దారిన మళ్లించవచ్చు, గోల్కొండ, శాతవాహన లాంటి వాటికి వేరే దారి లేదు. అందుకే వేటు ముందు వాటి మీద పడుతుంది. రోజూ ఉద్యోగానికి తిరిగేవాళ్లు, ఆసుపత్రికి పోయేవాళ్లు ఎక్కేవి ఆ రైళ్లే. ఇలా ఇంటర్‌లాకింగ్ ఆపి చేసే నాన్ ఇంటర్‌లాకింగ్ పనుల తేదీలు నెలల ముందే ఖరారవుతాయి కాబట్టి, రద్దుల జాబితా కూడా రిజర్వేషన్ తెరిచే నాటికే చెప్పాలని నేను సర్వీసులో ఉన్నప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. ఆ రోజులకు అదనపు బస్సులు కూడా ముందే మాట్లాడి పెట్టాలి.

రైళ్లు వేళకు వస్తాయా? ముక్కలుముక్కలుగా తెరిచినంత కాలం పెద్దగా తేడా కనిపించదు. ఇరవై కిలోమీటర్ల మూడో లైను తెరిస్తే గూడ్సు బండి స్టేషన్లోని పక్క లైనులో (లూపు లైను) ఆగి దారి ఇచ్చే బదులు ఆ ఇరవై కిలోమీటర్లూ పక్కన నడుస్తుంది. ముక్క అయిపోయినచోట మళ్లీ మీ రైలు ముందుకే వస్తుంది. బొగ్గు బండ్లు ఎక్కువగా తిరిగే రాఘవాపురం–మందమర్రి లాంటి చోట్ల చిన్న ముక్క కూడా పనికొచ్చింది, ఎందుకంటే అక్కడ బళ్లు గనుల దగ్గరే లైను ఎక్కి దిగుతాయి. మీ దారి అలా కాదు. కాజీపేట నుంచి విజయవాడ దాకా కలిసిపోవాలి, రెండు చివర్లలో యార్డులు కూడా ఆ రైళ్లను లోపలికి తీసుకోగలగాలి. మూడు లైన్ల మీద వచ్చిన రైళ్లు ప్లాట్‌ఫాం ఖాళీ లేక ఔటర్‌లో నిలబడితే దారిలో మిగిల్చిన సమయమంతా అక్కడే పోతుంది.

2022లో ఈ మార్గంలో చాలాభాగం గరిష్ఠ వేగాన్ని గంటకు 130 కిలోమీటర్లకు పెంచారు. ముందు నడిచే బండి అరవై మీద పోతుంటే ఆ 130 టైంటేబుల్‌కే పరిమితం. నెమ్మది బళ్లు పూర్తిగా మూడో లైనుకు మారిన రోజున మీకు తేడా స్పష్టంగా తెలుస్తుంది. అయితే లైన్లు మూడున్నా పక్కపక్కనే ఉంటాయి కాబట్టి పెద్ద ప్రమాదం జరిగితే మూడూ ఆగుతాయి. 2024 నవంబరులో రాఘవాపురం–రామగుండం మధ్య గూడ్సు రైలు వ్యాగన్లు పదకొండు పట్టాలు తప్పినప్పుడు మూడు లైన్లూ దెబ్బతిన్నాయి. హైదరాబాద్ నుంచి గుంటూరు వైపు పోయే బీబీనగర్–నడికుడి దారిని కూడా బలపరచాలని నేను ఎప్పుడూ చెప్పేది ఇందుకే.

చివరిగా మీరు చేయగలిగింది ఒకటుంది. వంతెన కొలతలు వేసేటప్పుడు ఇంజనీర్లు ఊళ్లో పెద్దవాళ్లను వరద ఎక్కడిదాకా వచ్చిందని అడిగి గుర్తు రాసుకుంటారు. సర్వే తర్వాత వచ్చిన వరదలు అందులో ఉండవు. 2024లో మీ ఊరి దగ్గర నీరు కట్టకు ఎంత ఎత్తున తగిలిందో, ఎగువన ఏ చెరువు అలుగు పారిందో, ఏది తెగిందో మీ ఊరివాళ్లకు బాగా తెలుసు. అక్కడ కొత్త తూము పాతదానంతే కడుతున్నట్టు కనబడితే, వంతెన మీద రాసి ఉండే నంబరు, పక్కనున్న కిలోమీటరు రాయి నంబరు, వరద గుర్తు ఉన్న గోడ ఫొటో కలిపి సికింద్రాబాద్ డివిజనల్ రైల్వే మేనేజర్ కార్యాలయానికి రాతపూర్వకంగా ఇవ్వండి. దాని ప్రతి మీ మండలం నీటిపారుదల ఇంజనీరుకూ ఇవ్వండి, చెరువుల లెక్క ఉండేది ఆయన దగ్గరే. పునాది కాంక్రీటు పడకముందే ఇవ్వాలి. పడ్డాక డ్రాయింగు మార్చడం ఎవరివల్లా కాదు.